ఏడో అచ్చు

పిట్కా సరస్సు, ఉత్తర ఒంటారియో
22 జనవరి 1978

ఐలీ వదినకి,

నువ్వు పంపిన ఉన్ని తొడుగులు అందాయి. ఒకటి నా చేతికి సరిపోయింది. రెండోదాంట్లో నా చెయ్యితోపాటు కాఫీ డబ్బా కూడా పడుతుంది. హెల్వికి చూపిస్తే, "మీ వదినకి చూపు తగ్గిందా, నీ మీద ప్రేమ తగ్గిందా?" అంది. హెల్వి నువ్వు వెళ్ళిపోయాక వచ్చిన మనిషి. కలప క్యాంపులో పాతికేళ్ళు వంట చేసి, మా పక్క రేవులో ఇల్లు కొనుక్కుంది. వారానికోసారి యాలకుల రొట్టె తెస్తుంది. నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని తిడుతుంది.

కాగితం మిల్లువాళ్ళు నవంబరులో చేతికి ఒక గోడగడియారం ఇచ్చి నన్ను ఇంటికి పంపేశారు. రెండు నెలలు దాని వంకే చూస్తూ కూర్చున్నాను. ఇక తట్టుకోలేక మొన్న అటకెక్కి, అన్నయ్య దోనె అచ్చులు దించాను.

నీకు ఒకసారి అబద్ధం చెప్పాను వదినా. అన్నయ్య పోయిన ఆ శరత్కాలం దోనెని కాల్చేసినప్పుడు అచ్చులు కూడా కాల్చేశానన్నాను. కాల్చింది దోనె ఒక్కదాన్నే. అచ్చుల మీద వైనో అన్నయ్య పెన్సిలుతో వేసిన అంకెలున్నాయి, ఒకటి నుంచి పదిహేను దాకా. ఏడో అచ్చు మీద అంకెకి నడుం మీద అడ్డగీత కూడా ఉంది. వాటిని పొయ్యిలో పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

షెడ్డులో పొడుగాటి దూలం వేశాను. దాని మీద అడుగుకొకటి చొప్పున పదిహేను అచ్చులూ బోర్లా నిలబెట్టాను. దేవదారు పలకలు తెచ్చి, పావు అంగుళం మందాన బద్దలు కోయించాను. వాటిని అచ్చుల మీద వంచుతూ ఒకదాని పక్కన ఒకటి అతికించుకుంటూ పోతే, సరస్సులో మంచు కరిగాక దోనె నీళ్ళలో పడుతుంది. ఈ వేసవిలో నువ్వు రావాలి. ముందు సీటు నీది. ద్వీపం దాకా, అన్నయ్య పోయిన చోటు దాకా, మనిద్దరం వెళ్దాం. అక్కడ నీకో మాట చెప్పాలి. పదహారేళ్ళుగా చెప్పాలనుకుంటున్న మాట.

నీ మరిది,
ఆర్వో


విన్నిపెగ్
5 ఫిబ్రవరి

ఆర్వో,

ఆ తొడుగులు టీవీలో హాకీ చూస్తూ అల్లాను. మొదటిది మనవాళ్ళు గెలుస్తున్నప్పుడు, రెండోది ఓడుతున్నప్పుడు. రెండోదాంట్లో కాఫీ డబ్బానే పెట్టుకో, వేడి నిలుస్తుంది. నా చూపు బాగానే ఉందని ఆ హెల్వికి చెప్పు. ఆవిడ వారంవారం రొట్టె ఎందుకు తెస్తోందో నాలుగొందల మైళ్ళ దూరం నుంచి నాకు కనిపిస్తోంది, పక్క రేవులో ఉండి నీకే కనిపించడం లేదు.

ఇక నీ రెండో సంగతి. అచ్చులు కాల్చెయ్. ఈ శనివారమే ఆవిరిస్నానం చేసే సౌనా పొయ్యిలో పెట్టు, మంచి వేడి వస్తుంది. నేను రాను. నేను మూడో అంతస్తులో ఇల్లు తీసుకున్నదే కిటికీలోంచి నీళ్ళు కనపడకూడదని. స్నానానికి తొట్టి నింపను, గిన్నెతో పోసుకుంటాను. నన్ను తీసుకెళ్ళి ఆ ద్వీపం దగ్గర కూర్చోబెడతావా? మతి ఉండే అడుగుతున్నావా?

ఏదో మాట చెప్పాలన్నావు. పెళ్ళి మాటయితే రాయి, చదివి నవ్వుకుంటాను. మరే మాటయినా నాకొద్దు. అరవై రెండేళ్ళు వచ్చాయి, కొత్తగా వినాల్సినవి ఏమీ లేవు.

పదిహేను అచ్చులుంటే ఏడోదాని గురించే ఎందుకు రాశావు?

ఐలి


పిట్కా సరస్సు
26 ఫిబ్రవరి

వదినా,

నాకొద్దంటూనే, ఏడోదాని గురించి ఎందుకు రాశావని అడిగావు. అడిగావు కాబట్టి చెప్తున్నాను. చదవాలనిపించకపోతే కాగితం ఇక్కడే మడిచెయ్.

అన్నయ్యా నేనూ దోనె కట్టిన వేసవి గుర్తుందిగా. అచ్చుల్ని దూలానికి బిగించే పని నాది. బద్దలు అతికించేటప్పుడు అవతలి కొస పట్టుకునే పని ఆయనది. పదిహేడు అడుగుల బద్ద ఒక్క మనిషి వల్ల కాదు. ఇటు పిన్ను కొడుతుంటే అటు వేలాడి విరిగిపోతుంది. రెండు వైపులా ఆరేసి బద్దలు అతికాక, ఒక పొద్దున నేను దారం లాగి చూశాను. ఏడో అచ్చు అర అంగుళం పక్కకి జరిగి ఉంది. నేను సరిగ్గా బిగించలేదన్నమాట. జిగురు ఆరిపోయింది. పన్నెండు బద్దలూ పీకి, మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి.

అన్నయ్యకి చెప్పలేదు. "పనికిమాలినవాడా" అంటాడని. అంతే వదినా, ఇంకేం లేదు. ఒక్క తిట్టు తప్పించుకోవడానికి నోరు మూసుకున్నాను. అచ్చు జరిగిన వంకరతోనే పైబద్దలు కూడా అతికాయి.

ఆ దోనె ఎవరెక్కినా కుడికి లాగేది. ఊళ్ళో అందరూ తిట్టారు. అన్నయ్య ఒక్కడే ఏమీ అనేవాడు కాదు. పైగా ఎవరికీ ఇచ్చేవాడు కాదు, "ఇది నాకు అలవాటైపోయింది" అనేవాడు. నా పరువు కాపాడుతున్నాడనుకున్నాను. ఆ అక్టోబరు శనివారం నేను మిల్లులో ఉన్నాను. ఆయన ఒక్కడే ద్వీపం దగ్గర వలలు తీయడానికి వెళ్ళాడు. పడమటి గాలి. దోనె తిన్నగా ఉండి ఉంటే అలకి ఎదురు నిలబడేది. కుడికి లాగి అలకి అడ్డం తిరిగి ఉంటుంది. రెండో రోజు నేనే ఆయన్ని నీళ్ళలోంచి తీశాను. దోనెకి చిన్న గీత కూడా పడలేదు.

అన్నయ్యని చంపింది నా అర అంగుళం. ద్వీపం దగ్గర నీకు చెబుదామనుకున్నది ఇదే.

ఇప్పుడు ఇంకోటి చెప్తాను, పిచ్చివాడినని అనుకో. జనవరిలో ఏడో అచ్చుని దారం పెట్టి, కోణం పెట్టి, తిన్నగా బిగించాను. తెల్లారి చూస్తే అర అంగుళం జరిగి ఉంది. మళ్ళీ బిగించాను. మళ్ళీ జరిగింది. ఇనప పట్టీ వేసి నాలుగు స్క్రూలు దిగ్గొట్టాను. వారం రోజులు కదల్లేదు. హమ్మయ్య అనుకుని బద్దలు మొదలుపెట్టాను. రెండు వైపులా ఆరేసి పడ్డాక, నిన్న పొద్దున చూస్తే స్క్రూలు సగం పైకి లేచి ఉన్నాయి, ఆ పన్నెండు బద్దలతో సహా అచ్చు పక్కకి జరిగింది. ఈసారీ అర అంగుళమే, ఈసారీ అదే పక్కకి. పొయ్యి వేడికి కొయ్య ముడుచుకుందని నాకు నేను చెప్పుకున్నాను. ముప్పై నాలుగేళ్ళు మిల్లులో కొయ్యతో బతికాను, కొయ్య ముడుచుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

పైగా ఈ పన్నెండు బద్దలూ నేను ఒక్కడినే అతికించాను. అవతలి కొస వేలాడుతుందని తాడు కూడా సిద్ధం చేసుకున్నాను. తాడు అక్కర్లేకపోయింది. నేను ఈ కొస ఎత్తితే ఆ కొస దానంతట అదే లేచింది. నేను పిన్ను కొట్టేదాకా ఆగింది.

అన్నయ్య వచ్చి నిలబడి నా తప్పు నాకు చూపిస్తున్నాడు. నువ్వు క్షమించానని ఒక్క ముక్క రాయి. పన్నెండు బద్దలూ పీకి తిన్నగా కడతాను.

ఆర్వో


విన్నిపెగ్
12 మార్చి

ఆర్వో,

ఇక్కడ మంచు మోకాళ్ళదాకా ఉంది. కింద వాటాలో ఉక్రేనియన్ ముసలావిడ మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. నేనే వండి పెడుతున్నాను. నా వంట బాగుండదని తెలిసి కూడా తింటోంది, పాపం.

నీ ఉత్తరం చదివాను. ఇప్పుడు ఏమీ రాయలేను. చీకట్లో అటక మీద పాత సామాన్లు దించుకుని, ఒంటరిగా కూర్చుని ఆలోచిస్తే ఎవరికైనా ఏవేవో కనిపిస్తాయి. హెల్విని పిలిచి అవతలి కొస పట్టుకోమను.

ఒకటి మాత్రం చెప్పు. ఆ కొస ఎంత ఎత్తుకి లేస్తోంది?

ఐలి


పిట్కా సరస్సు
2 ఏప్రిల్

వదినా,

నేను నీ కాళ్ళ దగ్గర పదహారేళ్ళ బరువు దించితే, నువ్వు ఉక్రేనియన్ ముసలమ్మ చెయ్యి గురించి రాశావు. క్షమించను అని రాసినా బాగుండేది. "నీ మొహం చూడను" అని రాసినా బాగుండేది. మూడు వారాలు రోజూ పోస్టు డబ్బా దగ్గర నిలబడ్డాను. హెల్వి చూసి, "ఏంటయ్యా, లాటరీ తగిలిందా? రోజూ ఆ డబ్బాలో తల పెడుతున్నావు?" అంది. నవ్వాను. నవ్వే ముఖం పెట్టుకోవడం ఎంత కష్టమైందో నీకు తెలియదు.

అడిగావు కాబట్టి చెప్తున్నాను, ఎందుకు అడిగావో దేవుడికే తెలియాలి. బద్దలు పీకలేదు. పీకడానికి చెయ్యి పోలేదు, ఆ వేసవి పోనట్టే. పైకి అతికించుకుంటూ పోయాను. దోనె బోర్లా ఉంటుంది కాబట్టి బద్దలు మోకాలి ఎత్తు దగ్గర మొదలై పైపైకి వెళ్తాయి. నడుం దాకా అవతలి కొస చక్కగా నిలబడింది. రొమ్ముదాకా కూడా నిలబడింది. అక్కడి నుంచి పైకి మాత్రం రాలేదు. నేను నా కొస భుజం దాకా ఎత్తితే ఆ కొస రొమ్ము దగ్గరే ఆగిపోయింది. కిందికి పడలేదు, పైకి రాలేదు, సన్నగా వణికింది. మూడు బద్దలు అలాగే అయ్యాయి. నాలుగో దానికి నేనే, "వదిలెయ్ అన్నయ్యా, నేను చూసుకుంటా" అన్నాను, పైకే అన్నాను. అప్పుడు ఆ కొస నెమ్మదిగా కిందికి దిగింది.

బతికి ఉన్నప్పుడు దుంగల్ని భుజాన మోసిన మనిషి. ఈ పలచటి బద్దని ఎత్తలేకపోవడం ఏమిటి? ఇది నాకు అర్థం కాలేదు. నీకు అర్థమైందా?

షెడ్డులో ఆ చివర నేల మీద రోజూ కాస్త తడి ఉంటోంది. పైకప్పు కారడం లేదు, చూశాను.

ఆర్వో


విన్నిపెగ్
16 ఏప్రిల్

ఆర్వో,

రొమ్ము దగ్గర ఆగిపోయిందని చదివి, పొయ్యి ఆర్పేసి, కాగితం ముందేసుకున్నాను.

మీ అన్నయ్య కుడి చెయ్యి పైకి లేచేది కాదు. దోనె కట్టడానికి ముందు చలికాలం, క్యాంపులో దుంగ దొర్లి కుడి భుజం మీద పడింది. ఎముకలాయన సరిచేశాడన్నారు. ఏం సరిచేశాడో, ఆ చెయ్యి రొమ్ము దాటి లేచేది కాదు, బయటికి తోసే బలమూ లేదు. కంపెనీకి తెలిస్తే మేస్త్రీ పని తీసేసి వంటపాకలో గిన్నెలు కడగడానికి పెడతారు. అందుకని ఎవరికీ చెప్పలేదు. చొక్కా నేనే తొడిగేదాన్ని. "ఆర్వోకి తెలిస్తే చంపేస్తా" అన్నాడు. చిన్నప్పుడు నిన్ను భుజాన ఎక్కించుకుని ఈత నేర్పినవాడు, నీ ముందు చెయ్యెత్తలేనని ఒప్పుకుంటాడా?

అలాంటి చేత్తో తెడ్డు కుడివైపు మాత్రమే వెయ్యగలడు. ఎడమవైపు వెయ్యాలంటే కుడి చెయ్యి పైకి లేవాలి. ఒక్కవైపే తెడ్డు వేస్తే దోనె ఎడమకి తిరుగుతుంది, అది నీకు నాకంటే బాగా తెలుసు. తెడ్డు చివర బయటికి తోసి సరిచేసుకోవాలి. ఆయనకి ఆ తోపు లేదు. అందుకని దోనెనే కుడికి లాగేట్టు చేసుకున్నాడు. ఒక తెల్లవారుజామున నువ్వు నిద్రపోతుండగా షెడ్డుకి వెళ్ళి, సుత్తితో ఏడో అచ్చుని అర అంగుళం జరిపి వచ్చాడు. కాఫీ తాగుతూ నాకు చెప్పి పకపకా నవ్వాడు. "ఆర్వో దారం పెట్టి చూస్తాడు, మొహం మాడ్చుకుంటాడు, నోరు మాత్రం విప్పడు. చూస్తూ ఉండు" అన్నాడు.

నీ తప్పు లేదు ఆర్వో. నువ్వు బాగానే బిగించావు.

ఇది పదహారేళ్ళ క్రితమే చెప్పాల్సింది. అంత్యక్రియల రోజు నువ్వు నా దగ్గరికి వచ్చి, "వదినా, ఆ దోనెలో..." అని మొదలుపెట్టావు. నేను, "ఇప్పుడొద్దు" అన్నాను. నీ కళ్ళు చూస్తేనే నాకు అర్థమైపోయింది నువ్వేమనుకుంటున్నావో. ఒక్క మాటతో నిన్ను విడిపించి ఉండొచ్చు. విడిపించలేదు. ఎందుకో కూడా రాస్తాను, ఇక దాచి ఏం చేసుకుంటాను.

ఎడమవైపు ఒరిగితే ఆపుకోవడానికి ఆయనకి చెయ్యి లేదు. గాలి ఉన్నరోజు ఎడమవైపు తెడ్డు వేసేందుకు ముందు సీట్లో ఇంకో మనిషి కావాలి. మామూలుగా నువ్వుండేవాడివి. ఆ శనివారం నువ్వు మిల్లుకి వెళ్ళావు. ఆయన గుమ్మంలో నిలబడి, "ఐలీ, గాలి లేచేట్టుంది, వచ్చి ముందు కూర్చో, గంటలో వచ్చేద్దాం" అన్నాడు. ఆ సాయంత్రం మన ఫిన్లాండ్ వాళ్ళ హాల్లో డాన్సు. నేను పొద్దుటి నుంచి కూర్చుని జుట్టు ఉంగరాలు తిరగడానికి చుట్టలు చుట్టుకున్నాను. "ఇప్పుడు గాలిలోకి వస్తే అంతా పాడవుతుంది. నువ్వే వెళ్ళిరా" అన్నాను. ఆయన నా తల వంక చూసి, "అవునవును, అంత కష్టపడ్డావు" అని వెళ్ళాడు. వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే అన్నాడు.

జుట్టు పాడవుతుందని ఆర్వో. నువ్వు దోనెది తప్పనుకున్నన్నాళ్ళూ ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. నీ బరువు నీ నెత్తిన ఉన్నంతవరకు నా బరువు ఎవరికీ కనిపించలేదు. అందుకే డిసెంబరు రాకుండానే ఊరు వదిలి వచ్చేశాను, నీ మొహం రోజూ చూడలేక.

ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా నా దగ్గరికి రాలేదు. నీ షెడ్డులో నిలబడ్డాడని చదివితే భయం వెయ్యలేదు, కుళ్ళు పుట్టింది.

నేను ఎక్కి ఉంటే బతికేవాడా? దోనె సంగతి తెలిసినవాడివి నువ్వే. నిజం చెప్పు. ఏదైనా తట్టుకుంటాను.

ఐలి


విన్నిపెగ్
18 జూన్
(కార్డు)

ఆర్వో, రెండు నెలలైంది. మీ దగ్గర మంచు కరిగి ఉంటుంది. తిట్టాలనుకుంటే తిట్టు. ఏదో ఒకటి రాయి. ఐలి.


పిట్కా సరస్సు
13 ఆగస్టు
(కవరు మీద చిరునామా రాసి, స్టాంపు అంటించి, పోస్టు చెయ్యని ఉత్తరం)

ఐలీ,

వదినా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నాలుగు నెలలు నీకు రాయలేదు, దోనె పని చేసుకుంటూ ఉండిపోయాను. నీళ్ళు దిగకుండా గాజునారు బట్ట పరిచి రెసిన్ జిగురు పూశాను. అచ్చులు ఊడదీశాను. అంచు కర్రలు, సీట్లు బిగించాను. నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి అవతలి కొస పట్టుకునేవాడు రాలేదు. చివరి బద్దలకి పైకప్పు నుంచి తాళ్ళు వేలాడదీసుకున్నాను. నేల మీద తడి కూడా ఆరిపోయింది. నా తప్పు లేదని రాశావు. తప్పుతోపాటు ఆయన కూడా పోయాడు. షెడ్డులో నిలబడి, "అన్నయ్యా, రా, ఇంకా పది బద్దలున్నాయి" అని పిలిచాను కూడా. నీమీద మొదటి కోపం అదే.

రెండోది జుట్టు. జుట్టు కోసం! పదహారేళ్ళు ప్రతి శనివారం సౌనాలో కూర్చుని ఆ అర అంగుళాన్ని తలుచుకున్నాను. పెళ్ళి చేసుకోలేదు, ఒక మనిషిని చంపినవాడికి పెళ్ళేమిటని. నీకు తెలిసే నన్ను అలా వదిలేశావు. నువ్వు అల్లిన తొడుగులు వేసుకుని ఆ బరువు మోశాను.

నిజం చెప్పమన్నావు. ఊహించి చెప్పడం నాకు చేతకాదు. అందుకని వెళ్ళి చూశాను.

దోనె వంకరగానే వచ్చింది, అచ్చం పాతదానిలాగే. కుడివైపు తెడ్డు వేస్తే దారం లాగినట్టు తిన్నగా పోతుంది. ఎంత తెలివైన మనిషో చూడు. పడమటి గాలి కోసం మూడు వారాలు కాచుకున్నాను. బుధవారం వచ్చింది. లైఫ్ జాకెట్ వేసుకున్నాను. కుడి చెయ్యి రొమ్ము దాటి లేవకుండా బెల్టుతో పక్కటెముకలకి కట్టేసుకున్నాను. వెనకాల హెల్విని తన మోటారు పడవలో రమ్మన్నాను. "చేతికి ఆ కట్టేంటి? ముసలాడికి కోడెకారు వేషాలా?" అంది. సంగతేంటో చెప్పలేదు.

ద్వీపానికీ, నీళ్ళలోకి పొడుచుకొచ్చిన రాతిముక్కుకీ మధ్య, ఆయన్ని తీసిన చోటే, మూడో అలకి దోనె ఎడమకి ఒరిగింది. తెడ్డు అటు వెయ్యడానికి చెయ్యి లేవలేదు. నీళ్ళలో పడ్డాను. ఆగస్టు నెలలో కూడా ఆ నీళ్ళు ఊపిరి ఆపేశాయి. అక్టోబరులో ఎలా ఉంటాయో తలుచుకున్నాను. హెల్వి నా మెడపట్టి లాగింది. "చావాలనుంటే మా రేవు అవతల చావు! నాకెందుకీ ఖర్మ!" అని ఒడ్డుకి చేరేదాకా ఏడుస్తూ తిట్టింది. ఆవిడ ఏడవడం మొదటిసారి చూశాను.

నిన్న మళ్ళీ అదే గాలి. ఈసారి హెల్విని ముందు కూర్చోబెట్టాను, ఎడమవైపు తెడ్డు వెయ్యమన్నాను. చేతికి అదే బెల్టు, చుట్టూ అవే అలలు. బుధవారం ఒరిగిన చోటే దోనె మళ్ళీ ఒరిగింది. హెల్వి తెడ్డుని నీళ్ళ మీద అదిమింది, దోనె నిలబడింది. అంతే. ద్వీపం దాకా వెళ్ళి, రాళ్ళ మీద కూర్చుని ఫ్లాస్కులో కాఫీ తాగి, మళ్ళీ వచ్చాం. హెల్వి చొక్కా కూడా తడవలేదు. "ఇంతోటి దానికి మొన్న చావబోయావా?" అంది.

నువ్వు ఎక్కి ఉంటే ఆయన బతికేవాడు ఐలీ. డాన్సుకి కూడా వచ్చేవాడు. నీకు ఇది తెలియాలి. నాకు తెలియకుండా దాచినందుకైనా నీకు తెలియాలి.

కిటికీ తెరిచి ఉంది. సరస్సు మీంచి గాలి వస్తోంది. బల్ల మీద ఉన్న మిగతా కాగితాలన్నీ ఎగిరి నేల మీద పడ్డాయి. నేను రాస్తున్న ఈ కాగితం మాత్రం కదలడం లేదు. దీని అవతలి అంచు బల్లని వదలడం లేదు. నాలుగు నెలల తర్వాత వచ్చాడు. పంపమని పట్టుకున్నాడో, వద్దని పట్టుకున్నాడో అడిగాను. సిరా ఇంకా ఆరలేదు, ఆ అంచు దగ్గర కాగితం తడిగా ఉంది.

ఆర్వో


పిట్కా సరస్సు
14 ఆగస్టు

ఐలీ వదినకి,

ఆలస్యానికి కోప్పడకు. నీ ఉత్తరానికి ఊహలతో జవాబు రాయడం ఇష్టంలేక, దోనె పూర్తయ్యేదాకా ఆగాను.

పాతదానిలాగే వంకరగా కట్టాను, పాతదానిలాగే కుడికి లాగుతోంది. అన్నయ్య తెలివికి నవ్వుకున్నాను. నాకు చెప్పి ఉంటే మొదటి నుంచీ నేనే వంకరగా బిగించి పెట్టేవాణ్ణి.

పడమటి గాలి వచ్చిన రోజు, చెయ్యి కట్టేసుకుని ఒక్కడినే వెళ్ళాను. ద్వీపం దగ్గర బోల్తా పడ్డాను. కంగారుపడకు, లైఫ్ జాకెట్ వేసుకున్నాను. మళ్ళీ అదే గాలి వచ్చినప్పుడు హెల్విని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్ళాను, నువ్వు కూర్చోవాల్సిన చోట. ఎడమవైపు తెడ్డు వెయ్యమన్నాను. నా కంటే బలమైన మనిషి, కలప క్యాంపులో రొట్టెపిండి పిసికి పిసికి చేతులు అలా తయారయ్యాయి. అయినా లాభం లేకపోయింది. అక్కడ అల కింద నుంచి లేస్తుంది వదినా, రాతిముక్కు దగ్గర నీళ్ళు వెనక్కి తిరుగుతాయి. ఇద్దరం ఒకేసారి నీళ్ళలో పడ్డాం. దోనె పట్టుకుని ఈదుకుంటూ వచ్చాం. ఆగస్టు నీళ్ళు కాబట్టి బతికాం.

హెల్విని అడగాలనిపించినా అడగొద్దు. మంచి స్వెట్టర్ పాడైందని నాతోనే మాట్లాడటం లేదు, ఆ మాట ఎత్తితే నీకు కూడా తిట్లు పడతాయి.

అన్నయ్య మళ్ళీ వచ్చాడా అని అడుగుతావు. నిన్న వచ్చాడు, నీకు ఉత్తరం రాస్తుండగా. నీ గురించే వచ్చాడనుకుంటాను.

నిజం చెప్పమన్నావు, చెప్తున్నాను. ఆ రోజు నువ్వు ఎక్కి ఉంటే నేను రెండు శవపెట్టెలు చెయ్యాల్సి వచ్చేది. నువ్వు ఒడ్డున ఉండబట్టే ఒక్కటి చేశాను. ఇక దీని గురించి నన్ను అడక్కు, నిన్ను నువ్వు కూడా అడక్కు. నేను ఆ నీళ్ళలో ఉండి చూశాను.

నీ మరిది,
ఆర్వో